మా బాగు మమ్మల్ని అడిగి చేయండి: థెరపిస్టులకు, కౌన్సెలింగ్ కేంద్రాలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన థెరపిస్టులకు, కౌన్సెలర్లకు, కౌన్సెలింగ్ కేంద్రాల నిర్వాహకులకు, ఈ వృత్తికి నియమాలు రాసే సంఘాల పెద్దలకు,

నమస్కారం.

మీ వృత్తి వల్ల బాగుపడ్డవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఆ కృతజ్ఞత ఎప్పటికీ ఉంటుంది. అయితే నేను బాగుపడింది రెండోచోట. మొదటిచోట నా పరిస్థితి ఇంకా దిగజారింది. అక్కడ ఏం జరిగిందో వివరంగా రాసి ఆ కేంద్రానికి ఇచ్చాను. 'మీ అభిప్రాయం మాకెంతో విలువైనది' అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. మళ్లీ రాస్తే అదీ రాలేదు. వృత్తి సంఘానికి పంపితే, ముందు ఆ కేంద్రంతోనే తేల్చుకోమన్నారు. అక్కడ నా మాట వినే మనిషి లేకనే కదా సంఘం దాకా వెళ్లింది! ఇక అందరికీ కలిపి ఇలా రాయడం తప్ప నాకు వేరే దారి కనిపించలేదు.

ఆ కేంద్రం పేరు గానీ, ఆ థెరపిస్ట్ పేరు గానీ ఇక్కడ రాయను. ఎవరినో ఒకరిని రచ్చకీడిస్తే ఈ సమస్య తీరదు. నాలాంటి అనుభవం ఉన్నవాళ్లను ఆ తర్వాత చాలామందిని కలిశాను. వాళ్లలో కొందరు మళ్లీ ఏ థెరపిస్ట్ గడపా తొక్కలేదు. ఈ లేఖ ముఖ్యంగా వాళ్ల కోసం.

ముందు జరిగింది చెబుతాను. ఒక రోడ్డు ప్రమాదంలో నేను బతికాను. నా పక్క సీట్లో కూర్చున్న స్నేహితురాలు బతకలేదు. దెబ్బలు మానాక కూడా నిద్ర పట్టేది కాదు. వెనకనుంచి హారన్ వినిపిస్తే చేతులు వణికేవి. బండి ఎక్కడమే మానేశాను. ఇంట్లోవాళ్లు నచ్చజెప్పి కౌన్సెలింగ్‌కు పంపించారు.

మొదటి సెషన్‌లో కూర్చున్న కాసేపటికే, 'జరిగింది జరిగినట్టు మొత్తం చెప్పేయండి, లోపలున్నది బయటికొచ్చేస్తే తేలికపడతారు' అన్నారు. చెప్పడం మొదలుపెట్టాను. లారీ లైట్లు కనబడ్డ చోటికి వచ్చేసరికి ఊపిరి ఆడలేదు. అయినా చెప్పుకుంటూ పోయాను, ఆపొచ్చని నాకెవరూ చెప్పలేదు కాబట్టి. ఆమె గడియారం చూసి, 'ఈరోజుకు టైమ్ అయిపోయింది, వచ్చేవారం ఇక్కణ్నుంచే మొదలుపెడదాం' అన్నారు. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోకుండా అడుగు వేయలేకపోయాను. ఆ వారమంతా కళ్లు మూస్తే అదే దృశ్యం. తర్వాతి సెషన్‌లో, 'మిమ్మల్ని ఇంకా బలమైన మనిషిని చేయడానికే ఇది జరిగిందనుకోండి' అన్నారు. ఆ తర్వాత ఒకసారి వెళ్లేసరికి ఆ కుర్చీలో వేరే ఆయన ఉన్నారు. పాతామె మానేశారట. 'ఫైలు చూశానండీ, అయినా ఒకసారి మొదటినుంచి చెప్పండి' అన్నారాయన. లేచి వచ్చేశాను. ఎందుకు రావడం లేదని అడగడానికి కూడా అక్కణ్నుంచి ఫోన్ రాలేదు.

చాలాకాలానికి, వేరే చోట, ఇంకో థెరపిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి: 'ఇంతకుముందు ఎక్కడైనా చూపించుకున్నారా? అక్కడ ఏది పనికొచ్చింది, ఏది ఇబ్బంది పెట్టింది?' జవాబు వింటూ రాసుకున్నారు. ప్రమాదం గురించి ఆరోజు ఏమీ చెప్పనక్కర్లేదన్నారు. అక్కణ్నుంచే నేను కోలుకోవడం మొదలైంది.

ఆ రెండు చోట్ల మధ్య తేడా ఏమిటో ఇప్పుడు నాకు తెలుసు. తేడా చదువులో లేదు, ఇద్దరూ చదువుకున్నవాళ్లే. మంచితనంలోనూ లేదు, మొదటామె నాతో ఒక్కసారీ దురుసుగా మాట్లాడలేదు. రెండోచోట నా చికిత్సలో నాకు పాత్ర ఉంది. మొదటిచోట లేదు. అంతే. దీనివల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో ఒక్కొక్కటిగా మీ ముందు పెడుతున్నాను.

1. మొదటి గంటలో మాకు ఏమీ చెప్పరు.

మీ గదిలోకి అడుగుపెట్టే మనిషికి అక్కడేం జరుగుతుందో తెలియదు. ఎన్నిసార్లు రావాలి, ఏ పద్ధతి వాడతారు, చెప్పినవి ఎవరికి తెలుస్తాయి, ఫైల్లో ఏం రాస్తారు, ఏ పరిస్థితిలో మా మాట బయటికి చెప్పాల్సి వస్తుంది, ఇవన్నీ మాకు సందేహాలే. అడిగితే ఏమనుకుంటారోనని అడగం. మీరు సంతకం పెట్టించుకునే ఫారంలో అవన్నీ ఉంటాయని నాకు తెలుసు. వణికే చేతులతో సంతకం పెట్టేవాళ్లు ఫారం చదవరు.

దీని ఫలితం ఏమిటో మీ రంగంలోని లెక్కలే చెబుతున్నాయి. 2012లో స్విఫ్ట్, గ్రీన్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు 669 అధ్యయనాలను, 83 వేలమందికి పైగా క్లయింట్ల, అంటే చికిత్సకు వచ్చినవాళ్ల, వివరాలను కలిపి చూశారు. దాదాపు ఐదుగురిలో ఒకరు చికిత్సను మధ్యలోనే వదిలేస్తున్నారని తేలింది. అందరూ ఒకే కారణంతో వదిలేయరు. కానీ వదిలేసినవాళ్లు ఇంటికెళ్లి అనే మాట ఒక్కటే: 'కౌన్సెలింగ్ కూడా చూశాం, పనిచేయలేదు.' ఆ మాట ఆ ఇంట్లో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. రేపు ఆ ఇంట్లో ఇంకొకరికి డిప్రెషన్ వచ్చినా ఇక ఎవరూ తీసుకెళ్లరు.

2. మమ్మల్ని సిద్ధం చేయకుండా గాయాన్ని కెలుకుతారు.

ఈ విషయం కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే నా ఫిర్యాదును చాలామంది తప్పుగా అర్థం చేసుకున్నారు. 'బాధ కలిగించే విషయాలు అడగొద్దంటావా? అడక్కుండా చికిత్స ఎలా?' అన్నారు. అడగొద్దని నేను ఎప్పుడూ అనలేదు. రెండో థెరపిస్ట్ కూడా నాచేత అదే కథ చెప్పించారు. ఒకసారి కాదు, పదేపదే. మొదటిచోట నన్ను కుప్పకూల్చిన కథే రెండోచోట నన్ను నిలబెట్టింది.

ఆమె ఏం చేశారో చెబుతాను. ముందు, భయం ఎందుకు తగ్గడం లేదో కాగితం మీద గీసి చూపించారు. బండి ఎక్కకపోతే ఆ పూటకు హాయిగా ఉంటుంది, ఆ హాయి కోసం మళ్లీ ఎక్కం, దాంతో 'ఎక్కినా ఏమీ కాదు' అని తెలుసుకునే అవకాశం మనసుకు దొరకదు. జ్ఞాపకం విషయంలోనూ అంతే, తప్పించుకున్నకొద్దీ వెంటపడుతుంది. ఇది అర్థమయ్యాక, 'ఈ పద్ధతిలో ముందు కొన్నాళ్లు కష్టంగా ఉంటుంది. ఎందుకు కష్టమో మీకు తెలుసు కాబట్టి అడుగుతున్నాను, మొదలుపెడదామా?' అన్నారు. నేను సరేనన్నాకే మొదలైంది. చెయ్యెత్తితే ఆపేయాలని ఇద్దరం ఒప్పుకున్నాం. భయపడే పనులన్నీ రాయించి ఒక్కోదానికి 0 నుంచి 100 దాకా మార్కులు వేయించారు. ఆగి ఉన్న కారులో కూర్చోవడానికి నేను వేసుకున్నది 35. ప్రమాదం జరిగిన రోడ్డుమీద రాత్రిపూట ప్రయాణానికి 100. కిందినుంచి మొదలుపెట్టాం. కళ్లు మూసుకుని ఆ రాత్రి ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పమని, దాన్ని రికార్డు చేసి, ఇంట్లో రోజూ వినమన్నారు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ప్రతి సెషన్‌లో చివరి పావుగంట కథకు కేటాయించేవారు కాదు. ఆ సమయంలో నేను మామూలు స్థితికి వచ్చానో లేదో చూసుకున్నాకే పంపించేవారు.

ఇది ఆమె సొంతంగా కనిపెట్టింది కాదు. ఎడ్నా ఫోవా అనే మనస్తత్వవేత్త రూపొందించి, దశాబ్దాలుగా పరీక్షకు నిలిచిన పద్ధతి. సాధారణంగా 8 నుంచి 15 సెషన్లు, ఒక్కోటి గంటన్నర వరకు ఉంటుంది. గాయపడ్డ మనసుకు ముందు స్థిమితం, తర్వాత జ్ఞాపకం, ఆ తర్వాత మళ్లీ జీవితంలో కలవడం అనే వరుసను 19వ శతాబ్దం చివర్లోనే ఫ్రాన్స్‌లో పియేర్ జానే అనే మనస్తత్వవేత్త చెప్పాడు. ఆ మొదటి దశ ఎంతకాలం ఉండాలన్న దానిపై మీలో మీకు వాదనలున్నాయి. నెలల తరబడి అక్కడే ఆగనక్కర్లేదనే వాదనలో బలం ఉందని నాకూ అనిపిస్తుంది. కానీ ఏ పక్షంవారైనా, వివరణ లేకుండా, ఒప్పుకోలు లేకుండా, సగంలో గడియారం చూసి ఆపేయమని చెప్పలేదు.

అలా చేస్తే ఏమవుతుందో తెలియంది కాదు. ఒకప్పుడు ప్రమాదాలు జరిగిన కొద్దిరోజులకే బాధితులను కూర్చోబెట్టి ఒక్క సెషన్‌లో అంతా చెప్పించేసే పద్ధతి బాగా నడిచింది. దాన్ని బ్రిటన్‌లో కాలిన గాయాలతో ఆస్పత్రిలో చేరినవాళ్ల మీద పరీక్షించి 1997లో ఫలితాలు ప్రకటించారు. 13 నెలల తర్వాత చూస్తే, అలా చెప్పించినవాళ్లలో 26 శాతం మందికి పీటీఎస్‌డీ (భయంకరమైన సంఘటన తర్వాత మనిషిని వదలకుండా వేధించే మానసిక సమస్య) ఉంది. చెప్పించనివాళ్లలో 9 శాతం మందికే ఉంది. రెండు గుంపుల మధ్య మొదట్లోనే కొంత తేడా ఉందన్న అభ్యంతరం న్యాయమైనదే. అయినా తర్వాత ఇలాంటి పరీక్షలన్నిటినీ కలిపి చూసినప్పుడు కూడా ఆ ఒక్క సెషన్ పద్ధతి పీటీఎస్‌డీని ఆపుతుందనడానికి ఆధారం దొరకలేదు. 'బయటికి చెప్పేస్తే తేలికపడతారు' అనేది మంచి మనసుతో అనే మాటే. దాన్ని చికిత్స అనుకుంటేనే ప్రమాదం.

3. కోలుకోకముందే ఎదగమంటారు.

కష్టం తర్వాత మనుషుల్లో మార్పు వస్తుందన్నది నిజం. రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హూన్ అనే మనస్తత్వవేత్తలు 1990ల్లో దీన్ని కొలిచే పద్ధతి కూడా తయారుచేశారు. దగ్గరివాళ్లతో బంధం బలపడటం, కొత్త దారులు కనిపించడం, తన శక్తి తనకు తెలిసిరావడం, ఆధ్యాత్మికమైన మార్పు, బతుకు విలువ తెలియడం అని ఐదు రకాలుగా చూశారు. కానీ వాళ్లు చెప్పినదాంట్లో సగమే మీలో కొందరి నోట వినిపిస్తోంది. ఎదుగుదల వచ్చేది ఆ సంఘటన వల్ల కాదు, దాని తర్వాత మనిషి పడే పెనుగులాట వల్ల అన్నారు వాళ్లు. బాధ పోయాకే ఎదుగుదల వస్తుందనీ అనలేదు, రెండూ పక్కపక్కనే ఉండొచ్చన్నారు. అందరికీ వచ్చి తీరాలనీ అనలేదు.

నా స్నేహితురాలు చనిపోయింది నన్ను బలమైన మనిషిని చేయడానికా? ఆ మాట విన్న క్షణంలో నాకు కలిగింది అసహ్యం. నామీద నాకే. ఆమె చావులోంచి నేనేదో లాభం పొందాలన్నట్టు తోచింది. పైగా, బలపడకపోతే అదీ నా లోపమే అన్నట్టయింది. బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లితో కూడా ఇలాంటి మాటే అన్నారని ఆమె నాకు చెప్పింది. ఆ తర్వాత థెరపిస్ట్ ముందు ఏడవడం మానేశానంది. ఏడిస్తే ఇంకా ఎదగలేదనుకుంటారేమోనని!

రెండోచోట ఎదుగుదల అన్న మాటే రాలేదు. చాలా తర్వాత, నేనే ఒకరోజు, ప్రమాదాల్లో ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్ల దగ్గర కూర్చోవాలని ఉందని చెప్పాను. 'ఎందుకలా అనిపించింది?' అని మాత్రం అడిగి విన్నారు. మా మార్పుకు పేరు మమ్మల్ని పెట్టుకోనివ్వండి. మీరు ముందే పెట్టి మాకు తొడగొద్దు.

4. 'బాగానే ఉందండీ' అంటే నమ్మేస్తారు.

మేం మీతో అబద్ధం చెబుతాం. ఇది మీకు తెలియాలి. 2016లో ప్రచురించిన ఒక సర్వేలో 547 మంది క్లయింట్లను అడిగితే 93 శాతం మంది థెరపిస్ట్ దగ్గర ఏదో ఒక విషయంలో అబద్ధం చెప్పామన్నారు. అన్నిటికన్నా ఎక్కువమంది దాచింది ఏమిటో తెలుసా? తాము నిజంగా ఎంత బాధలో ఉన్నారన్నది. సగానికి పైగా మంది దాన్ని తక్కువ చేసి చెప్పారు. మిమ్మల్ని మోసం చేయాలని కాదు. మీరు కష్టపడుతున్నారు, మిమ్మల్ని నిరాశపరచడం ఇష్టం ఉండదు. మరీ ఎక్కువ చెబితే మందులంటారేమో, ఆస్పత్రిలో చేర్పిస్తారేమో అన్న టెన్షన్ ఒకటి.

మరి మీకు మీ అంతట మీకు తెలిసిపోతుందా? 2005లో అమెరికాలో ఒక అధ్యయనం చేశారు. 550 మంది క్లయింట్లలో ఎవరి పరిస్థితి దిగజారుతుందో ముందుగా చెప్పమని థెరపిస్టులను అడిగారు. ముగ్గురి పేర్లే చెప్పారు. నిజానికి దిగజారింది 40 మంది. ఇంకో సర్వేలో 129 మంది థెరపిస్టులను వాళ్ల నైపుణ్యానికి వాళ్లనే మార్కులు వేసుకోమంటే, సగటు కన్నా తక్కువగా వేసుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. ఇవి మిమ్మల్ని చిన్నబుచ్చడానికి రాయడం లేదు. ఏ వృత్తిలో ఉన్న మనిషైనా తన పనిని తానే చూసుకుంటే ఇలాగే ఉంటుంది. అందుకే బయటినుంచి ఒక కొలత కావాలి.

ఆ కొలత పెద్ద ఖర్చుతో కూడుకున్నదీ కాదు. నా రెండో థెరపిస్ట్ సెషన్ ముగిసే ముందు ఒక కాగితం ఇచ్చేవారు. దాని మీద పది సెంటీమీటర్ల గీతలు నాలుగు. ఈరోజు నా మాట విన్నట్టు, నన్ను గౌరవించినట్టు అనిపించిందా? నేను మాట్లాడాలనుకున్నదే మాట్లాడామా? ఈ పద్ధతి నాకు సరిపోతోందా? మొత్తమ్మీద ఎలా ఉంది? ఒక్కో గీతమీద ఒక్కో గుర్తు పెట్టాలి. నిమిషం పని. ఒకసారి రెండో గీతమీద గుర్తును కాస్త ఎడమకు జరిపి పెట్టాను. నోటితో చెప్పలేనిది పెన్నుతో పెట్టగలిగాను. ఆమె దాన్ని చూసి, 'ఈరోజు మీరు చెప్పాలనుకున్నది ఏదో మిగిలిపోయినట్టుంది' అన్నారు. మిగిలిపోయింది. ఆ ప్రమాదంలో బండి నడిపింది నేను. ఆ మాట అప్పటిదాకా ఆమెకు చెప్పలేదు. నా చికిత్స మలుపు తిరిగింది అక్కడే.

ఇలాంటి కొలతలు పెట్టి, దారి తప్పుతున్న క్లయింట్ గురించి థెరపిస్టుకు ముందే హెచ్చరిక అందేలా చేస్తే దిగజారేవాళ్లు తగ్గుతారని మైకేల్ లాంబర్ట్ అనే పరిశోధకుడి బృందం చేసిన అధ్యయనాలు చూపించాయి. ఇంత చిన్న కాగితం ఇన్ని కేంద్రాల్లో ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

5. మీతో పొరపొచ్చం వస్తే చెప్పుకునే చోటు లేదు.

కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త 1957లోనే చెప్పాడు. మనిషి మారాలంటే ఎదుటివాడు తనను అర్థం చేసుకోవాలి, షరతులు పెట్టకుండా అంగీకరించాలి, తెచ్చిపెట్టుకోకుండా నిజాయితీగా ఉండాలని. 1979లో బోర్డిన్ అనే ఇంకో మనస్తత్వవేత్త ఇంకొంచెం విడమర్చాడు. లక్ష్యం మీద ఇద్దరికీ ఒప్పందం, చేసే పని మీద ఒప్పందం, ఇద్దరి మధ్య బంధం, ఈ మూడూ కలిస్తేనే చికిత్స నడుస్తుందన్నాడు. 2018లో 295 అధ్యయనాలను, 30 వేలమందికి పైగా క్లయింట్లను కలిపి చూసినా ఈ కలయిక బాగున్నచోటే ఫలితాలు మెరుగ్గా ఉన్నాయని తేలింది. పద్ధతి ఏదైనా సరే.

అంత ముఖ్యమైన బంధంలో చిన్న గీత పడితే మేమేం చేయాలి? మీలో ఎక్కువమంది అనుకునేట్టు మేం గొడవ పడం. తలాడిస్తాం, టాపిక్ మారుస్తాం, వచ్చేవారం జ్వరమంటాం, ఆపై రావడం మానేస్తాం. ఆ తలాడింపును గమనించి, 'ఇందాక నేనన్న మాట మీకు ఇబ్బంది కలిగించిందా?' అని మీరే అడగాలి. అడిగితే బంధం ఇంకా గట్టిపడుతుందని మీ పాఠాల్లోనే ఉంది.

6. చెప్పకుండా మారిపోతారు, చెప్పకుండా ముగించేస్తారు.

థెరపిస్ట్ ఉద్యోగం మానేయడం తప్పు కాదు. ఆ సంగతి క్లయింటుకు ఖాళీ కుర్చీ చూశాక తెలియడం తప్పు. ఇక్కడ నేను నిర్వాహకులనే ఎక్కువ తప్పుపడతాను. రోజుకు ఇన్ని కేసులు చూడాలని లక్ష్యాలు పెట్టి, సెషన్‌కూ సెషన్‌కూ మధ్య నీళ్లు తాగే సమయం కూడా ఇవ్వకపోతే ఏ థెరపిస్ట్ మాత్రం ఎన్నాళ్లుంటారు? రెండువేల నాలుగువందల మందికి పైగా క్లయింట్ల లెక్కలు చూసి 1986లో హోవర్డ్ అనే పరిశోధకుడి బృందం ఒక అంచనా ఇచ్చింది. 8 సెషన్ల నాటికి దాదాపు సగం మందిలో, 26 సెషన్ల నాటికి దాదాపు 75 శాతం మందిలో మెరుగుదల కనిపించింది. అంటే నాలుగైదు సెషన్లకే పరిమితం చేసే కేంద్రాల్లో చాలామంది బాగుపడకముందే బయటికి వచ్చేస్తున్నారు. ప్రతిసారీ కొత్త మనిషికి మొదటినుంచి చెప్పుకోవాల్సి వస్తే, ఆ కొన్ని సెషన్లూ చెప్పుకోవడానికే సరిపోతాయి.

పై విషయాలను దృష్టిలో పెట్టుకుని మీరు చేయాల్సినవి ఇవి:

ఒకటి. మొదటి సెషన్‌లో కనీసం పావుగంట, పద్ధతి, అంచనా కాలం, గోప్యత, దాని హద్దులు, ఆపమనే హక్కు గురించి నోటితో చెప్పండి. ఫారం దీనికి బదులు కాదు.

రెండు. లక్ష్యం మా మాటల్లో రాయించండి. 'ఆందోళన తగ్గించడం' మీ మాట. 'మా అబ్బాయిని బండిమీద బడికి దింపి రావడం' మా మాట. ఆ కాగితం ఒక ప్రతి మాకివ్వండి.

మూడు. ట్రామాకు, అంటే మనసుకు తగిలిన పెద్ద గాయానికి, చికిత్స చేసేవాళ్లకు ఆ చికిత్సలో ప్రత్యేక శిక్షణ, అనుభవజ్ఞుల పర్యవేక్షణ (సూపర్‌విజన్) తప్పనిసరి చేయండి. ఆ శిక్షణ లేనివాళ్లు ఆ మాట ఒప్పుకుని, ఉన్నవాళ్ల దగ్గరికి పంపడాన్ని నామోషీగా చూడొద్దు.

నాలుగు. ప్రతి సెషన్‌లో కొలత పెట్టండి. మార్కులు పడిపోతుంటే ఆ కేసును సూపర్‌వైజర్‌తో చర్చించి, ఏం మార్చబోతున్నారో మాకు చెప్పండి. ఈ మార్కులను థెరపిస్టుల జీతాలకు, ప్రమోషన్లకు ముడిపెట్టొద్దని నిర్వాహకులను ప్రత్యేకంగా కోరుతున్నాను. ముడిపెడితే ఆ కాగితం మీద నిజం కనిపించదు.

ఐదు. థెరపిస్ట్ మారేటప్పుడు ముందుగా చెప్పండి. పాతవాళ్లు, కొత్తవాళ్లు, క్లయింటు ముగ్గురూ కలిసి కూర్చునే ఒక సెషన్ ఉండాలి. మళ్లీ చెప్పాల్సినవేవో, అక్కర్లేనివేవో అక్కడ మేమే చెబుతాం.

ఆరు. చెప్పకుండా మానేసినవాళ్లకు ఒక్క ఫోన్ చేయండి. తిరిగి రమ్మని ఒత్తిడి చేయడానికి కాదు. ఎలా ఉన్నారో, ప్రాణాపాయం ఏమైనా ఉందో, వేరేచోటికి పంపాలో తెలుసుకోవడానికి. కేంద్రం ఈ పని ఎవరిదో పేరు పెట్టి అప్పగించాలి.

ఏడు. ఫిర్యాదును ఆ కేంద్రానికి సంబంధం లేనివాళ్లు వినాలి. దాన్ని వినే బృందంలో చికిత్స తీసుకున్నవాళ్లు కూడా ఉండాలి. ఎన్నాళ్లలో జవాబిస్తారో ముందే చెప్పాలి. సంఘాలు ఈ బాధ్యతను ఇక కేంద్రాల మీదికి నెట్టొద్దు.

వీటిలో కొన్నింటిని ఇప్పటికే పాటిస్తున్న థెరపిస్టులు మీలో ఉన్నారు. నన్ను బాగుచేసినామె అలాంటివారే. ఆమె దగ్గరికి వెళ్లడం నా అదృష్టం. మనసు దెబ్బతిన్న మనిషికి సరైన చికిత్స అందడం అదృష్టం మీద ఆధారపడకూడదు.

ఈ లేఖకు నాకు విడిగా జవాబు అక్కర్లేదు. ఈ ఏడింటిలో వేటిని ఎప్పటిలోగా అమలు చేస్తారో, వేటిని చేయలేరో, ఎందుకు చేయలేరో కేంద్రాలు, సంఘాలు బహిరంగంగా ప్రకటించాలి. చేయలేమన్నవాటి గురించి మాతో కూర్చుని మాట్లాడండి. పిలిస్తే నాతోపాటు ఇంకా చాలామంది వస్తారు.

ఇట్లు,
చికిత్స తీసుకుని కోలుకున్న ఒక క్లయింటు